తడక వెనక పన్నెండు ఆల్చిప్పలు

మా వంశంలో ఎవరూ ఎన్నడూ నీచు ముట్టలేదు. మా ఇంట్లో పిల్లలకు ఓనమాల కంటే ముందు నేర్పే మాట ఇది. మా తాతగారు అప్పాజీ పంతులుగారు కాకినాడలో పేరున్న ప్లీడరు. వీధిలో చేపల తట్ట ఎదురైతే ఇంటికి తిరిగివచ్చి, నూతి దగ్గర నాలుగు చేదలు గుమ్మరించుకుని మళ్ళీ బయలుదేరేవారనీ, అలా ఒకసారి తణుకు నుంచి వచ్చిన కక్షిదారు కోర్టులో దిక్కులు చూస్తూ నిలబడిపోయాడనీ మా నాయనమ్మ గర్వంగా చెప్పేది. ఆ కక్షిదారు దావా ఏమైందో మాత్రం చెప్పేది కాదు. ఇంటి నిష్ఠ నిలిచింది, ఎవరి పొలమో పోతే ఏం?

నేను రాయబోయేది ఆయన చరిత్ర కాదు. అది పటం కట్టించి హాల్లో తగిలించే ఉంది. నేను రాసేది జగన్నాథపురం మరిడమ్మ సంగతి. ఆవిడకు పటం లేదు. ఉండి ఉంటే దాన్ని తగిలించడానికి మా హాల్లో ఖాళీ ఉండేది కాదు.

మరిడమ్మ చేపలు పట్టేవాళ్ళ ఇంట పుట్టింది, అలాంటి ఇంటికే కోడలైంది. కానీ ఆవిడ పని చేపలు కాదు, గుల్ల. ఉప్పుటేరు పోటు తీసి నీళ్ళు తగ్గినప్పుడు మోకాటిలోతు బురదలో దిగి, రాళ్ళకూ గుంజలకూ అతుక్కుని ఉన్న ఆల్చిప్పల్ని చిన్న గునపంతో ఊడబెరికి, తట్టకెత్తి, చిట్టియ్య సున్నపు బట్టీకి మోసుకెళ్ళడం. ఆల్చిప్ప అంచు మంగలి కత్తికి తీసిపోదు. పదిహేనేళ్ళు ఆ పని చేసేసరికి ఆవిడ అరికాళ్ళలో గాటు లేని చోటు లేకుండా పోయింది. ఒకటి మానేలోగా ఇంకొకటి తెగేది. ఉప్పునీళ్ళలో అవి చీము పట్టి వాచేవి. ముప్ఫై ఏళ్ళు నిండకముందే ఆవిడ ముసలమ్మలా కాళ్ళీడుస్తూ నడిచేది.

ఆ గుల్ల కాల్చిన సున్నమే ఊరి మేడలన్నిటికీ తెల్లదనం. అంతకంటే ముఖ్యం, ఊళ్ళో తమలపాకులన్నిటికీ రుచి. ఆల్చిప్ప తినేవాళ్ళ నీడ కూడా పడకూడదనే పెద్దలు రోజుకు ఆరుసార్లు ఆ గుల్లనే ఆకుకు రాసుకుని, బుగ్గన పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలేవారు. అగ్నిలో కాలింది కాబట్టి దోషం లేదట. కూరను కూడా అగ్ని మీదే వండుతారు కదా అని అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

లోపలి కండ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. మరిడమ్మ దాన్ని చింతపండు పోసి పులుసు పెట్టుకునేది. చింతచిగురు రోజులైతే చిగురు వేసి, పచ్చిమిరపకాయలు చీల్చి, దగ్గరగా ఇగిర్చేది. తినేది తనూ, భర్త లోవరాజూ.

అలాంటి సమయంలో రేవు కచ్చేరీ గుమాస్తా ఆశీర్వాదం ఆవిడను వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరో ఓడ కెప్టెను ఆల్చిప్పలు కావాలని మంకుపట్టు పట్టాడు. మరిడమ్మకు ఆశ్చర్యం, ఆపైన సంతోషం. దొర తింటానంటే ఏదోలా చేసి పంపిస్తుందా? చిప్పలన్నీ విప్పి, కండ తీసి, ఇసుక లేకుండా ఏడు నీళ్ళు కడిగి, గుల్లను ఎప్పటిలాగే బట్టీకి చేరవేసి, కొత్త చట్టిలో చిక్కటి పులుసు పెట్టి పట్టుకెళ్ళింది. కెప్టెను మూత తీసి చూశాడు. చట్టిలో గరిటె తిప్పాడు. ఏదో అరిచాడు.

“గుల్ల ఏదీ అంటున్నారమ్మా,” అన్నాడు ఆశీర్వాదం.

“గుల్ల తినరు కదండీ,” అంది మరిడమ్మ, దొరకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతూ. “సున్నానికి ఇచ్చేసేనండి.”

మర్నాడు గుల్లతోపాటు తెచ్చింది. కెప్టెను పొట్టి కత్తి ఒకటి తీసి, చిప్ప అంచులో గుచ్చి, పెళ్ళున విప్పి, నిమ్మరసం పిండుకుని, ఉన్నదాన్ని ఉన్నట్టే గొంతులోకి జార్చుకున్నాడు. మరిడమ్మ గుండె పట్టుకుని ఇంటికి వచ్చింది.

“పచ్చిది మింగేశాడు మావా! అదింకా బతికే ఉంది!”

లోవరాజు నమ్మలేదు. స్వయంగా వెళ్ళి చూసి వచ్చి, ఆ రోజు అన్నం తినలేదు.

అయితే తినేవాడికి లేని బాధ పెట్టేవాళ్ళకెందుకు? ఏడాది తిరిగేసరికి కాలవ ఒడ్డున, పడవలు సరుకు దించే చోట, మరిడమ్మ పాక వెలిసింది. తాటాకు కప్పు. పగిలిన నావ చెక్కలతో దారివైపు రెండు బల్లలు. వాటిమీద కూర్చుని ఓడల వాళ్ళు పచ్చివి మింగేవారు. వాళ్ళ పక్కనే కూర్చుని ఆశీర్వాదం వండినవి తినేవాడు. ఆయనకు ఎవరి జంకూ లేదు. ఏట్లోకి ఇప్పుడు లోవరాజు దిగుతున్నాడు. మరిడమ్మ పీట మీద కూర్చుని వండుతోంది. పుట్టి బుద్ధెరిగాక కూర్చుని చేసే పని దొరకడం ఆవిడకు అదే మొదలు. నాలుగు నెలలకు అరికాళ్ళు మానాయి. మానిన కాళ్ళను రోజూ పొద్దున్నే తడిమి చూసుకునేదట.

పాక వెనకవైపు ఒక తాటాకు తడక కట్టింది, పొయ్యికి గాలి తగలకుండా. ఆ తడక మహిమే మిగతా కథ.

ఒక వేసవి సాయంత్రం మా తాతగారు వ్యాజ్యం పనిమీద ఒక కెప్టెన్ని కలవడానికి అక్కడికి వచ్చారు. దూరంగా, గాలివాలుకు ఎదురుగా నిలబడ్డారు. అంత జాగ్రత్తపరుడు. కానీ గాలి మళ్ళింది. చింతచిగురూ పచ్చిమిరపకాయా కలిసి ఇగురుతున్న వాసన ఆయన దాకా వచ్చింది. వాసన చూడటం వల్ల దోషం లేదని ఆయన కొంతసేపు నిలబడ్డారు. తరవాత, ఏమిటో కనుక్కోవడం వల్ల దోషం లేదని తడక చాటుకు వచ్చారు.

“ఏమే, అదేమిటి?”

“ఆల్చిప్పలండి, పంతులుగారండీ. తమరు తినేది కాదండి.”

మా తాతగారిని కోర్టులో ఎవరైనా ‘తమరి వల్ల కాదు’ అంటే ఊరుకునేవారు కాదు. ప్రశ్నలు మొదలుపెట్టారు. దానికి నెత్తురుందా? ఎర్రగా ఏమీ కనబడదండి. కాళ్ళున్నాయా? లేవండి. అరుస్తుందా? అరవదండి. పుట్టిన చోటు నుంచి కదులుతుందా? రాయికి అతుక్కునే ఉంటుందండి.

“నెత్తురు లేదు, కాళ్ళు లేవు, నోట మాట లేదు, పుట్టినచోటే పెరుగుతుంది. అంటే గుమ్మడికాయకూ దీనికీ తేడా ఏమిటి?” అన్నారు తాతగారు. అవతలివైపు ప్లీడరు లేడు కాబట్టి దావా గెలిచారు. ఆ సాయంత్రం పన్నెండు తిన్నారు.

అప్పటినుంచి మంగళవారం మంగళవారం వచ్చేవారు. మొహం మీదికి వంచిన నల్ల గొడుగు, వెండి పొన్ను వేసిన పిడి. తడక వెనక పీట. పన్నెండు. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. పదమూడోది అడిగితే ఇష్టపడి తిన్నట్టవుతుందని కాబోలు.

కాకినాడలో గుమ్మడికాయ సిద్ధాంతం కనిపెట్టినవారు ఆయన ఒక్కరే కాదని మరిడమ్మకు త్వరలోనే తెలిసింది. బియ్యం ఎగుమతి చేసే దొరబాబుగారు బుధవారం వచ్చేవారు. ఆయన ఇంట్లో మేకనైనా కోస్తారు గానీ, ఆల్చిప్ప అంటే పేదవాళ్ళ తిండి, పరువు తక్కువ. ఇంకో ముగ్గురు పెద్దమనుషులు ఇంకో మూడు రోజులు. ఎవరికి వారు తానొక్కడే వస్తున్నానని నమ్మేవారు. మరిడమ్మ ఆ నమ్మకాన్ని పిల్లవాడిని సాకినట్టు సాకింది. ఒకరి రోజు ఇంకొకరికి ఇచ్చేది కాదు, ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తేది కాదు. పెద్దమనుషులు పచ్చివి ముట్టేవారు కాదు. అదేం అనాచారం! చట్టిలో కాసిని నీళ్ళు పోసి ఆవిరి పెడితే చిప్పలు వాటంతట అవే నోళ్ళు తెరిచేవి. కండ తీసి ఇగురు చేసి, మళ్ళీ చిప్పలోనే పెట్టి ఇచ్చేది.

అలా నాలుగైదేళ్ళు గడిచాయి. ఒక కార్తికమాసంలో తుపాను ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు లేడు. మూడో రోజు ఆదివారం. అది ఎవరి రోజూ కాదు. ముసురులో ఊళ్ళో అందరికీ తోచినట్టే ఈ అయిదుగురికీ వేడివేడిగా కారంకారంగా ఏదైనా తినాలని తోచింది. కార్తికమాసం కాబట్టి ఇంట్లో కొందరికి ఒంటిపూటలు కూడాను. మధ్యాహ్నం రెండు గంటలకు తడక వెనక చూస్తే అయిదు గొడుగులు. ఒక గొడుగు ఇంకొక గొడుగుకు తగులుకుని, రెండూ పైకి లేచి, కింద ఉన్న మొహాలు బయటపడ్డాయి.

“నేను మా పాలేరు కోసం వెతుకుతూ వచ్చాను,” అన్నారు దొరబాబుగారు.

“వానకు కాస్త తలదాచుకుందామని,” అన్నారు మా తాతగారు, చేతిలోని చిప్పను కండువా కిందికి తోస్తూ.

మిగతా ముగ్గురికీ అంత వేగంగా ఏమీ తట్టలేదు. అయిదుగురూ అయిదు దిక్కులకు వెళ్ళిపోయారు. ఆ పూట వండిందంతా మిగిలిపోయింది.

మరిడమ్మ దీన్ని చూసి నవ్వుకుంది. నవ్వవలసింది కాదు. పెద్దమనిషికి ఆకలి వేస్తే ప్రమాదం లేదు, భయం వేస్తేనే ప్రమాదం. ఇంకొకడు ఎక్కడ బయట పెడతాడో అని ప్రతివాడికీ నిద్ర పట్టలేదు. నాలుగు రోజుల్లో అయిదుగురూ ఒకే ఉపాయానికి వచ్చారు: పాకమీద అర్జీ పెట్టినవాడిని పాకకు వెళ్ళాడని ఎవరు అనుమానిస్తారు? అర్జీ రాసింది మా తాతగారే. నకలు ఇప్పటికీ మా పెట్టెలో ఉంది. రేవు దొరవారి సముఖమునకు అని మొదలుపెట్టి, ‘మద్యపానమత్తులైన పరదేశ నావికులు తప్ప ఈ పట్టణవాసి ఒక్కడైనను అడుగుపెట్టని సదరు పాక’ గాలిని చెరుపుతున్నదనీ, నీతిని చెరుపుతున్నదనీ, వెంటనే పీకించవలసినదనీ రెండు పుటలు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఆల్చిప్పలు తిన్న చెయ్యి మరి.

కబురు ఆశీర్వాదం తెచ్చాడు. మరిడమ్మ మొదట కోప్పడలేదు, ఏడవలేదు. కాళ్ళు ముందుకు చాపుకుని అరికాళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

“పాక పోతే మళ్ళీ ఏట్లోకి దిగాలి మావా,” అంది. “దిగలేను.”

“వాళ్ళ పేర్లు చెప్పెయ్యవే. సగం ఊరు వాళ్ళని వెలేస్తుంది.”

“నా చేతి తిండి తిన్నోళ్ళని నడివీధిలో పెట్టమంటావా?” అంది మరిడమ్మ. అది మంచితనమో, వ్యాపారమో, రెండూనో నాకు తెలియదు.

విచారణకు రేవు దొర స్వయంగా పాక దగ్గరికే వచ్చాడు. కుర్చీ వేశారు. ఆశీర్వాదం పక్కన నిలబడి ఇటు మాటలు అటూ, అటు మాటలు ఇటూ చెబుతున్నాడు. అయిదుగురు అర్జీదారులూ వరసగా నిలబడ్డారు, ముక్కులకు కండువాలు అడ్డం పెట్టుకుని. ఆ వాసన తట్టుకోలేకపోతున్నారట పాపం.

మా తాతగారు పాక వెనకున్న గుల్ల పోగు దగ్గరికి నడిచారు. బట్టీకి వెళ్ళవలసిన గుల్ల అది. తుపాను వల్ల చిట్టియ్య బండి రాక నడుం ఎత్తు పెరిగి ఉంది.

“ఇదే సాక్ష్యం, దొరగారూ! తమరు చూస్తే చాలు. ఈ తాగుబోతు నావికులు ఎంత తిన్నారో, ఎంత కంపు చేశారో!”

దొర లేచి వచ్చాడు. ఒక గుల్ల తీసుకున్నాడు, అంచు వేలితో తడిమి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి. పాతికదాకా చూశాడు. ఆయన వాళ్ళ దేశంలో సముద్రం ఒడ్డున పుట్టినవాడట. ఆల్చిప్ప ఆయనకు కొత్త కాదు. ఆశీర్వాదంతో మెల్లిగా ఏదో అన్నాడు. ఆశీర్వాదం దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తరవాత తెలుగులో చెప్పాడు.

“పచ్చిది తినాలంటే కత్తి పెట్టి విప్పాలట. అంచుమీద గాటు పడుతుందట. ఈ పోగులో గాటు పడ్డవి పదింట మూడైనా లేవు. తక్కినవి ఉడకబెట్టి విప్పినవి. ఓడలవాళ్ళు ఒక్కరూ ఉడికినవి తినరు, పైగా ముసురు పట్టాక రేవులోకి ఓడే రాలేదు. నేనొక్కణ్ణే ఇన్ని తినలేనని వారికి తెలుసు. మరి ఈ ఉడికినవి తిన్న పట్టణవాసులు ఎవరని దొరగారు అడుగుతున్నారు.”

ముక్కుల మీది కండువాలు మొహాల మీదికి పాకాయి. దొరబాబుగారు కాలవలో పోతున్న పడవ వైపు దీక్షగా చూడసాగారు. మా తాతగారు, జీవితంలో ఎంతమంది సాక్షుల చేత నీళ్ళు నమిలించారో, ఇప్పుడు తామే నమిలారు.

దొర మరిడమ్మ వైపు తిరిగాడు. “పేర్లు చెబితే అర్జీ అబద్ధమని కొట్టేస్తారట. చెప్పకపోతే ఈ పాకలో చాటుమాటు వ్యవహారం నడుస్తోందని అనుకోవలసి వస్తుందట. అలాంటి పాకను ఉంచరట,” అన్నాడు ఆశీర్వాదం. చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఆయనకూ ఆవిడ కాళ్ళు తెలుసు.

మరిడమ్మ ఆ అయిదుగురినీ ఒక్కొక్కరినే చూసింది. మంగళవారాన్ని చూసింది, బుధవారాన్ని చూసింది. ఒళ్ళంతా మండిపోయింది నాకు, అని ఆవిడే తరవాత నాతో చెప్పింది. అయినా చేతులు జోడించింది.

“ఆకలేసి వచ్చినోళ్ళ పేర్లు నేను చెప్పనండి. కానీ ఈ బాబులు చాటున తింటారని దొరగారు అనుకోకూడదండి. చాటంటూ ఉన్నది ఈ తడకే కదండీ. పెద్దోళ్ళెవరూ నా పాకకి రారని అర్జీలో రాసేరంట. రానప్పుడు తడక నాకెందుకండి?” అని మా తాతగారి వైపు తిరిగింది. “తీసెయ్యమంటారా, పంతులుగారండీ?”

తాతగారు నోరు తెరిచారు. వద్దనడానికి ఆయన దగ్గర కారణం ఒక్కటే ఉంది, అది చెప్పేది కాదు.

“తీసెయ్,” అన్నారు.

“దొరబాబుగారండీ?”

“తీసెయ్యవే,” అన్నారాయన, పడవతో మాట్లాడుతున్నట్టు.

అయిదుగురి చేతా అలా అనిపించింది. అప్పుడు నడుం బిగించి, తడక కట్లు కోసి, రెండు చేతులా లాగి కింద పడేసింది. వెనక పీట, పొయ్యి, మూకుడు, అన్నీ వీధిలోకి కనబడ్డాయి. దొర పెద్దగా నవ్వాడు. పాక ఉండవచ్చు, గుల్ల మాత్రం ఏ రోజుది ఆ రోజు బట్టీకి పోవాలి అని ఉత్తరువు ఇచ్చి వెళ్ళిపోయాడు. అర్జీదారులు గెలిచినట్టో ఓడినట్టో తెలియక కాసేపు అక్కడే నిలబడి, ఎండ ఎక్కడం వల్ల కదిలారు.

ఆ తరవాత పదేళ్ళు బతికారు మా తాతగారు. ఆ పదేళ్ళలో ఒక వింత అలవాటు ఉండేది ఆయనకు. తాంబూలానికి ఏ సున్నం పడితే అది పనికిరాదు. జగన్నాథపురం చిట్టియ్య బట్టీ గుల్లసున్నమే కావాలి. ఆకుకు రాశాక ఒక్క క్షణం వాసన చూసేవారు. సున్నానికి వాసన ఏమిటండీ అని నాయనమ్మ అడిగితే కసురుకునేవారు.

ఇదంతా నాకు ఎలా తెలిసిందంటే, ఆయన పోయిన నాలుగేళ్ళకు నేను కాకినాడలో బడిపంతులుగా చేరాను. ఆశీర్వాదంగారు అప్పటికి ముసలివారై, మా వీధి చివర ఉండేవారు. నా గొడుగు చూసి మొదట నవ్వింది ఆయనే. వెండి పొన్ను గొడుగు, తాతగారిది. సగం ఆయన చెబితే, మిగతా సగం వినడానికి కాలవ ఒడ్డుకు వెళ్ళాను.

మరిడమ్మ జుట్టు నెరిసింది. పీట మీదే కూర్చుని ఉంది. గొడుగు చూసింది, నన్ను చూసింది.

“మంగళవారం బాబుగారి మనవడండీ తమరు!”

దారివైపు బల్లమీద, పట్టపగలు, అందరికీ కనబడేలా కూర్చున్నాను. నాలో కొత్త చదువు, కొత్త భావాలు ఉన్నాయి. మా తాతగారి పిరికితనం మీద అప్పటికే మనసులో ఒక ఉపన్యాసం తయారైంది. పన్నెండు పెట్టమన్నాను. ఆవిడ వండుతూ చెప్పింది.

“తడక పీకేశాక తాతగారు రాలేదండి. కానీ మంగళవారం మాత్రం ఈ దారినే వెళ్ళేవారండి. ఆ గొడుగు కిందే. నేను పన్నెండూ వండి ఉంచేదాన్నండి. ఓ మాటన్నా వచ్చి ఈ బల్ల మీద కూర్చుంటారేమోనని. ఎంత ఇష్టంగా తినేవారండీ! కోపం నాకు ఆ ఒక్క రోజేనండి.”

“మరి ఆ పన్నెండూ ఏం చేసేదానివి?”

“మా ఆయన తినేవాడండి. మంగళవారం అంటే ఆయనకు పండగండి.”

చిప్పలు ముందుకు వచ్చాయి. చింతచిగురు, పచ్చిమిరపకాయ. మొదటిది నోట్లో పెట్టుకున్నాను. మా తాతగారి మీద ఉపన్యాసంలో సగం అక్కడే మర్చిపోయాను. రెండోదానికి చెయ్యి చాపుతుండగా వంతెన దిగి ఒక ఒంటెద్దు బండి వస్తూ కనబడింది. బండిలో, విభూతి రేఖలతో, మా మామగారు.

నా పక్కన బల్లకు ఆనించి ఉన్న గొడుగు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఎప్పుడు విచ్చుకుందో నాకు తెలియదు. మబ్బు లేదు, చినుకు లేదు. ఎండ కూడా నా వెనకవైపు ఉంది.

బండి వెళ్ళిపోయింది. గొడుగు అంచు కింద నుంచి మరిడమ్మ అరికాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, పాతగాట్లతో, మానిపోయి. ఆవిడ నవ్వు వినబడింది.

“ఆయ్, అచ్చం ఆయనేనండి,” అంది. “తినండి బాబూ, చల్లారిపోతాయి.”

గొడుగు దించలేదు. పన్నెండూ దాని కిందే తిన్నాను.